జాజ్ బృందంలో పెడల్ స్టీల్ గిటార్: కూర్చునే చోటు నుంచి సోలో దాకా

పెడల్ స్టీల్ (కాళ్ల మీద నిలబెట్టి, తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో, మోకాలి లీవర్లతో తీగల స్వరం మార్చే గిటార్) కొన్నవాళ్లు, కొనాలని చూస్తున్నవాళ్లు, హవాయన్ గిటార్ నుంచి ఇటు మళ్లినవాళ్లు, అందరూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: ఒంటరిగా వాయిస్తే బాగానే ఉంటోంది, కీబోర్డు, బేస్, డ్రమ్స్ మధ్య కూర్చోగానే ఎందుకు పాడవుతోంది? జవాబు చాలావరకు ఒక్కటే. జాజ్‌లో ఈ వాయిద్యం పని జారడం కాదు, కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) లోపల ఒకటి రెండు స్వరాలను మార్చడం. కింద రాసినదంతా ఆ పనికి చేతులనూ కాళ్లనూ సిద్ధం చేసుకునే పద్ధతి.

ఇది పది తీగల ఇ నైన్త్ ట్యూనింగ్, మూడు పెడళ్లు (వీటి పేర్లు ఎ, బి, సి; ఇవి స్వరాల పేర్లు కావు), కనీసం రెండు మోకాలి లీవర్లు ఉన్న వాయిద్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. సి సిక్స్త్ నెక్ (వేరే ట్యూనింగ్‌తో, తన సొంత పెడళ్లతో ఉండే మరో తీగల వరుస) ఉన్నవారికి విడిగా ఒక భాగం ఉంది. బార్ పట్టుకోవడం, పిక్స్ వేసుకుని మూడు తీగలు మీటడం వచ్చి ఉండాలి.

1. ముందు చేతిలో ఉండాల్సినవి

మన దగ్గర పెడల్ స్టీల్ విడిభాగాలు దొరకవు. వరంగల్‌లోనే కాదు, హైదరాబాద్‌లో కూడా తెప్పించుకోవాల్సిందే. కాబట్టి పని ఆగకుండా ఉండాలంటే ఇవి ముందే సమకూర్చుకోండి.

- తీగల సెట్లు రెండు. మూడో తీగ (జి షార్ప్, 0.011 అంగుళాలు) అన్నిటికంటే ముందు తెగుతుంది. అత్యవసరమైతే హనుమకొండలో ఏ గిటార్ షాపులోనైనా 11 గేజ్ ఎలక్ట్రిక్ సెట్ కొని అందులో మొదటి తీగ వేసుకోవచ్చు, పని నడుస్తుంది.
- పది తీగలకు సరిపడే బార్, వ్యాసం 7/8 అంగుళం. హవాయన్ గిటార్ బార్ దీనికి చిన్నది, తేలిక కూడా.
- బొటనవేలికి ప్లాస్టిక్ పిక్ ఒకటి, వేళ్లకు లోహపు పిక్స్ రెండు.
- వాల్యూమ్ పెడల్, క్లిప్ ట్యూనర్ కాకుండా వైరుతో కలిపే ట్యూనర్.
- నైలాన్ నట్‌లు తిప్పే 3/16 అంగుళాల రెంచ్. దీన్ని కేసుకు తాడుతో కట్టేయండి. స్టేజీ కింద పడిందంటే మళ్లీ దొరకదు.
- కుట్టు మిషన్ నూనె, చిన్న సీసా. పెడల్ కీళ్లకు చుక్క చుక్కగా చాలు.

నూనె సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, కాళ్లతో తొక్కుతూ మోకాలితో నెట్టే ఈ సరంజామాను చూసి ఒక సౌండ్ తమ్ముడు "అన్నా, గిది కుట్టు మిషనా?" అని అడిగాడు. నవ్వులాటే గానీ, నాలుగు అవయవాలూ నాలుగు పనులు చేసే వాయిద్యం అన్న సంగతి వాడికి వెంటనే అర్థమైంది, మనవాళ్లు చాలామందికి ఇంకా కావడం లేదు.

2. కూర్చోవడం

ఎత్తు సరిగా లేని కుర్చీ సగం తప్పులకు కారణం. ఫంక్షన్ హాలు ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. దాని చేతులు మోచేతులకు అడ్డం, సీటు వెనక్కి వాలి ఉంటుంది. చేతులు లేని గట్టి స్టూలు సొంతంగా తీసుకెళ్లండి.

ఎడమ పాదం పెడళ్ల మీద పెట్టినప్పుడు మడమ నేలను తాకాలి. మోకాళ్లు లీవర్లకు తగలకుండా, ఒక వేలి మందం దూరంలో ఉండాలి. కళ్లు నేరుగా ఫ్రెట్ గీత పైన ఉండాలి. పక్క నుంచి చూస్తే బార్ గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, శృతి మాత్రం తప్పుతుంది. పన్నెండో ఫ్రెట్ దాటాక తల ఒక్కటే తిప్పడం చాలదు, నడుము నుంచి కదలాలి.

స్టేజీ గురించి ఒక మాట. మన దగ్గర స్టేజీ అంటే చెక్కల మీద తార్పాలిన్, దాని మీద ఎర్ర కార్పెట్. వాయిద్యం కాలు ఒకటి రెండు చెక్కల సందులో దిగితే పెడళ్ల ఎత్తు మారిపోతుంది, ఇంట్లో సరిచేసుకున్నదంతా వృథా. వాయిద్యం నాలుగు కాళ్లూ, పెడళ్లూ, మీ స్టూలూ పట్టేంత ప్లైవుడ్ ముక్క ఒకటి కోయించి పెట్టుకోండి.

3. శృతి: కీబోర్డుతో గొడవ రాకుండా

ఇక్కడ మన చెవికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తంబూరా ముందు కూర్చుని పెరిగిన చెవి అంతర గాంధారాన్ని సహజంగా షడ్జం నుంచి 386 సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) దగ్గర వింటుంది. కీబోర్డు దాన్ని 400 దగ్గర పెడుతుంది. తేడా 14 సెంట్లు. స్టీల్ వాద్యకారుల్లో చాలామంది కూడా కార్డులో మూడో స్వరాన్ని (అంటే ఈ గాంధారాన్నే) ఆ కింది చోటికే దింపి శృతి చేస్తారు, ఒంటరిగా వింటే అమృతంలా ఉంటుంది. అదే సమయంలో కీబోర్డు అదే స్వరం పట్టుకుని ఉంటే రెండూ కొట్టుకుంటాయి, తప్పు మీదే అనిపిస్తుంది.

నా పద్ధతి రాజీ. కీబోర్డు లేని బృందమైతే జి షార్ప్ తీగల్ని (ఇ కార్డులో ఆ మూడో స్వరం ఇదే) చెవికి తియ్యగా ఉన్నంత కిందికి దింపుతాను. కీబోర్డు ఉంటే 5, 6 సెంట్లకు మించి దింపను. అంతకంటే తియ్యదనం కావాలంటే ఆ స్వరాన్ని కీబోర్డుకు వదిలేసి వేరే స్వరం వాయించడం మేలు.

శృతి చేసే క్రమం ఇది, తారుమారు చేయకండి.

- ప్రతి పెడల్‌నూ ప్రతి లీవర్‌నూ కొన్నిసార్లు తొక్కి వదలండి.
- ఏదీ తొక్కకుండా పది తీగల్నీ ఎడమవైపు కీలతో సరిచేయండి.
- పెడల్ స్వరాలను కుడివైపు చివర ఉన్న నైలాన్ నట్‌లతో సరిచేయండి. ముందు ఎ, తర్వాత బి, తర్వాత సి.
- మోకాలి లీవర్లు.
- మళ్లీ ఓపెన్ స్వరాలు (ఏదీ తొక్కనివి). కొంచెం కదిలే ఉంటాయి.
- ఎ, బి పెడళ్లు రెండూ తొక్కి ఇ తీగలు చూడండి. లాగుడుకు వాయిద్యం పెట్టె కాస్త వంగి అవి ఒకటి రెండు సెంట్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ, కిందికి దిగుతాయి. ఆ తేడాలో సగాన్ని ఓపెన్ ఇ తీగకు కలిపి పెట్టండి.

ఎండాకాలం 43 డిగ్రీల్లో కారులోంచి తీసిన వాయిద్యాన్ని వెంటనే శృతి చేయొద్దు. హాల్లో తెరిచి పెట్టి, చల్లబడ్డాక చేయండి. ఏసీ వేసిన హాలైతే ఏసీ వేసిన తర్వాతే.

4. ఒకే ఫ్రెట్‌లో మూడు కార్డులు

ఈ ఒక్క భాగం చేతికి ఎక్కితే మిగతాది ఆలస్యమైనా పర్లేదు. జాజ్‌లో ఎక్కువ పాటలు తిరిగేది రెండు, ఐదు, ఒకటి అనే వరుస చుట్టూ. సి స్కేలులో అయితే డి మైనర్ సెవెన్త్, జి సెవెన్త్, సి మేజర్ సెవెన్త్. గిటార్ నుంచి వచ్చినవారు ఒక్కో కార్డుకు ఒక్కో ఫ్రెట్ వెతుకుతారు. అవసరం లేదు.

బార్‌ను ఎనిమిదో ఫ్రెట్ మీద పెట్టండి. బొటనవేలు ఆరో తీగకు, చూపుడువేలు ఐదుకు, మధ్యవేలు నాలుగుకు. ఇక బార్ కదలదు.

- మొదటి కార్డు: ఎ, బి పెడళ్లు రెండూ. ఎఫ్, ఎ, సి వినిపిస్తాయి.
- రెండో కార్డు: ఎ వదలండి, బి అలాగే ఉంచండి, ఇ తీగల్ని అర స్వరం దింపే లీవర్ నెట్టండి. ఎఫ్, జి, బి.
- మూడో కార్డు: బి కూడా వదలండి, లీవర్ అలాగే ఉంచండి. ఇ, జి, బి.

మొదటి మార్పులో ఎ అనే స్వరం జి కి, సి అనే స్వరం బి కి దిగింది, ఎఫ్ ఉన్నచోటే ఉంది. రెండో మార్పులో ఎఫ్ ఒక్కటే ఇ కి దిగింది. ఏ స్వరమూ ఎగరలేదు. కీబోర్డు వాయించేవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసేది ఇదే కదలిక. మీకు పెడళ్లకు కట్టిన ఇనుప కడ్డీలు ఆ పని చేసిపెడుతున్నాయి.

ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మొదటిది మామూలు ఎఫ్ మేజర్‌లా, చివరిది ఇ మైనర్‌లా వినిపిస్తాయి. కంగారు పడకండి. కింద బేస్ గిటార్ డి, తర్వాత జి, తర్వాత సి వాయించినప్పుడే ఇవి అసలు రంగులోకి వస్తాయి. అందుకే సాధన ఎప్పుడూ బేస్‌తోనే చేయండి. మనిషి దొరకకపోతే ఆ మూడు కింది స్వరాలనూ ఫోన్‌లో రికార్డు చేసుకుని తిప్పుతూ వాయించండి.

కాలి కదలిక దగ్గర ఆగి చూసుకోండి. పెడళ్లను వరుస పెట్టే పద్ధతులు రెండు, ఎమన్స్, డే. ఎమన్స్ అమరికలో ఎ పెడల్ ఎడమ చివర, బి దాని పక్కన. పాదం రెండిటి మీదా అడ్డంగా ఉంటుంది. ఎ వదలాలంటే పాదాన్ని ఎత్తకూడదు, చీలమండను కుడివైపుకు ఒరిగించాలి. ఇ దింపే లీవర్ చాలా వాయిద్యాల్లో ఎడమ మోకాలికి కుడివైపు ఉంటుంది కాబట్టి ఆ ఒరుగుడూ మోకాలి కదలికా ఒకే దిక్కుకు పోతాయి. ఒకే కదలికగా నేర్చుకోండి, రెండుగా కాదు. డే అమరికలో పెడళ్ల వరుస తిరగబడి ఉంటుంది, మీది ఏదో ముందు చూసుకోండి.

వేరే స్కేళ్లకు బార్ జరిపితే చాలు: ఎఫ్‌కు 1, జి కి 3, బి ఫ్లాట్‌కు 6, ఇ ఫ్లాట్‌కు 11. శాక్సఫోన్, ట్రంపెట్ ఉన్న బృందాల్లో ఫ్లాట్ స్కేళ్లే ఎక్కువ. ఇ, ఎ స్కేళ్లలో సుఖంగా సాధన చేసి రిహార్సల్‌కు వెళ్తే ఏడుపొక్కటే తక్కువ.

ఏడో తీగను కూడా కలిపితే పై మూడు కార్డులకూ కింద డి చేరుతుంది. చివరి కార్డు అప్పుడు సి మేజర్ నైన్త్ అవుతుంది. బృందంలో ఇది నెమ్మది పాటలకే ఉంచుకోండి.

మైనర్ వరుస కూడా చెప్తాను, చాలామంది ఇక్కడ ఆగిపోతున్నారు. ఎ మైనర్ కోసం: మూడో ఫ్రెట్‌లో పెడళ్లు లేకుండా 9, 7, 5 తీగలు (కింద బేస్ బి వాయిస్తే బి మైనర్ సెవెన్త్ ఫ్లాట్ ఫైవ్). ఐదో ఫ్రెట్‌కు వెళ్లి బి పెడల్, ఇ దింపే లీవర్‌తో 6, 5, 4 (ఇ సెవెన్త్). తిరిగి మూడో ఫ్రెట్‌కు వచ్చి ఎ, బి పెడళ్లతో అవే మూడు తీగలు (ఎ మైనర్ సెవెన్త్). బార్ రెండు ఫ్రెట్లు పైకి, రెండు ఫ్రెట్లు కిందికి, అంతే.

బేస్ వాద్యకారుడు జి బదులు డి ఫ్లాట్ వేస్తే? జాజ్‌లో ఇది రోజూ జరిగేదే. ఎనిమిదో ఫ్రెట్‌లోనే ఉండి ఐదో తీగ మానేసి ఆరు, నాలుగు మాత్రమే మీటండి. ఆ ఎఫ్, బి రెండు కార్డులకూ ప్రాణస్వరాలే. అతను ఏది వేసినా మీరు తప్పు కారు.

5. సి సిక్స్త్ నెక్ ఉన్నవారికి

అదృష్టవంతులు, జాజ్‌కు ఈ ట్యూనింగే సహజం. ఐదో ఫ్రెట్‌లో 8, 7, 6, 5 తీగలు పెడల్ లేకుండా డి మైనర్ సెవెన్త్. అక్కడే ఐదో పెడల్ తొక్కి 9, 8, 7, 6 మీటితే జి నైన్త్. దానికి ఆరో పెడల్ కూడా కలిపితే ఒక్క స్వరం దిగి జి సెవెన్త్ ఫ్లాట్ నైన్. పెడళ్లు వదిలి ఏడో ఫ్రెట్‌కు వెళ్లి అవే 9, 8, 7, 6 మీటితే సి మేజర్ సెవెన్త్.

ఒక్క హెచ్చరిక: కింది తీగలు లావు, బేస్ గిటార్ ఇంట్లోకి దూరిపోతాయి. పదో తీగను బృందంలో దాదాపు మరచిపోండి.

6. వాల్యూమ్ పెడల్

కుడి పాదం కింద ఉండే ఈ పెడల్‌తో ప్రతి స్వరాన్నీ కింది నుంచి ఉబ్బించడం అందరికీ అలవాటే. మెల్లని పాటల్లో అది అందం. స్వింగ్‌లో (ఊపుగా నడిచే జాజ్ లయలో) మాత్రం మీ స్వరం డ్రమ్స్ కంటే ఆలస్యంగా వినిపిస్తుంది, బృందం మొత్తం వెనక్కి లాగినట్టు ఉంటుంది. ఎవరూ కారణం చెప్పలేరు, మీ వైపు మాత్రం చూస్తారు.

పెడల్‌ను సగం తెరిచి ఉంచి మీటండి. స్వరం తగ్గుతున్నకొద్దీ మిగతా సగాన్ని తెరుస్తూ పోండి. కార్డులు తుంపులు తుంపులుగా వేసేటప్పుడు పాదం అసలు కదపకూడదు, స్వరాన్ని ఆపే పని కుడి అరచేతి అంచుది. మెట్రోనోమ్‌ను రెండు, నాలుగు దెబ్బల మీద పెట్టుకుని అరచేత్తో ఆపడం విడిగా సాధన చేయండి. విసుగ్గా ఉంటుంది. తప్పదు.

7. కీబోర్డుతో ముందే మాట్లాడుకోవడం

మన ప్రాంతంలో జాజ్ బృందానికి దొరికే కీబోర్డు వాద్యకారులు ఎక్కువగా పెళ్లి ఆర్కెస్ట్రాల నుంచో చర్చి నుంచో వస్తారు. గొప్ప చెవి ఉంటుంది. కానీ బేస్ లేకుండా ఒంటరిగా పాట మోయడం అలవాటై, రెండు చేతులతో నిండు కార్డులు వేస్తారు. దాని మీద మీరూ మూడు తీగలు వేస్తే ముద్దే.

రిహార్సల్ మొదలుకాకముందే అడగండి: "అన్నా, ఎ భాగాలు నువ్వు పట్టు, బ్రిడ్జి నాకు వదులు." ఎ భాగం అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే బాణీ, బ్రిడ్జి అంటే మధ్యలో వచ్చే వేరే బాణీ. ముప్పైరెండు మెజర్ల (తాళపు ఆవర్తనాల) పాటకు ఈ ఒక్క ఒప్పందం చాలు. శాక్సఫోన్ సోలోలో ఒకరే కార్డులు వేయాలి, రెండోవారు చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఖాళీగా కూర్చోవడం తక్కువతనం కాదని మీరు ముందు చేసి చూపిస్తే అతనూ చేస్తాడు.

డ్రమ్స్ బదులు ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) ఉంటే దాని తాళాల (సింబల్స్) శబ్దం స్టీల్ పై స్వరాలతో ఢీకొంటుంది. ఆ శబ్దాన్ని తగ్గించమనండి, మీ ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) ట్రెబుల్ పెంచకండి. ఆంప్‌లో 800 హెర్ట్జ్ దగ్గర కొంత తగ్గిస్తే ముక్కుతో పాడినట్టుండే గుణం పోతుంది. స్టీల్ ఆంప్ దొరకకపోతే మంచి కీబోర్డు ఆంప్ గిటార్ ఆంప్ కంటే నయం, శబ్దం శుభ్రంగా వస్తుంది.

8. సోలో

వీణ, వయొలిన్ నేర్చుకుని వచ్చినవారికి ఒక మాట. ప్రతి స్వరానికీ గమకం వేయకండి. కింద కార్డు మారుతూ ఉన్నప్పుడు ఊగే స్వరం ఏ కార్డుదో వినేవారికి తెలియదు. స్వరాన్ని నిలకడగా పెట్టి, దాని చివర్లో మాత్రమే బార్‌ను కదిలించండి. జారుడు కూడా అంతే, వాక్యానికి ఒకటి చాలు.

వరుసగా ఇలా సాధన చేయండి.

- పాట అసలు బాణీని ఒకే తీగ మీద, జారుడు లేకుండా.
- అదే బాణీ, తీగలు మారుస్తూ, బార్ ఎంత తక్కువ కదిలితే అంత మంచిది.
- ప్రతి కార్డుకూ మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే.
- ఈ రెండిటినీ కలుపుతూ చిన్న చిన్న వాక్యాలు. వాక్యం తర్వాత ఊపిరి తీసుకోవాలి, నిజంగానే. పాదం పెడల్ మీద ఉన్నంతసేపూ వాయిస్తూనే ఉండే జబ్బు దీంతో పోతుంది.

వినడానికి పెడల్ స్టీల్ వాద్యకారుడు బడీ ఎమన్స్‌తో మొదలుపెట్టండి. 1963లోనే న్యూయార్క్‌లో జాజ్ వాద్యకారులతో రికార్డు చేశాడు. ఈ కాలపు బృందాల కోసం మరో ఇద్దరు స్టీల్ వాద్యకారులు: సూసన్ ఆల్కార్న్, డ్రమ్మర్ బ్రయన్ బ్లేడ్ బృందంలో వాయించిన డేవ్ ఈస్లీ. వారు వాయించినది కాదు, ఎక్కడ ఆపారో కాగితం మీద రాసుకుంటూ వినండి.

9. తరచూ వచ్చే తప్పులు, సవరణలు

ఫ్రెట్ మీదే ఉన్నా శృతి తప్పుతోంది: బార్‌ను గట్టిగా నొక్కుతున్నారు. బార్ బరువు చాలు, చేయి దాన్ని నడిపిస్తే సరిపోతుంది.

బార్ వెనక గరగర: ఉంగరపువేలు, చిటికెనవేలు బార్ వెనక తీగల మీద ఆని ఉండాలి. గాలిలో లేస్తున్నాయేమో చూసుకోండి.

పెడల్ మారేటప్పుడు 'వ్యాంవ్' అని ఏడుపు: కార్డు మీటాక తొక్కుతున్నారు. ముందు తొక్కి తర్వాత మీటండి. ఆ ఏడుపు కావాలనుకున్న చోట మాత్రమే తర్వాత తొక్కండి.

వేగం పెరిగితే లీవర్ సగమే తగులుతోంది: కాలి కండరం అలసిపోయింది, లేదా లీవర్ మోకాలికి దూరంగా ఉంది. ముందు స్టూలు జరపండి, ఆ తర్వాతే స్క్రూ జోలికి వెళ్లండి.

నిరంతరం హమ్: సింగిల్ కాయిల్ పికప్ (తీగల శబ్దాన్ని పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) అయితే వాయిద్యాన్ని కొంచెం తిప్పి కూర్చోండి, ఒక కోణంలో బాగా తగ్గుతుంది. ఎల్ఈడీ లైట్ల డిమ్మర్లకూ, ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ దూరం జరగండి. తగ్గకపోతే హాలు ఎర్తింగ్ సరిగా లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే చిట్కా ఎవరు చెప్పినా వినొద్దు, మీ చేతిలో ఉన్నది ఇనుప కడ్డీ.

10. వాయించే రోజు చెక్‌లిస్ట్

- ప్లైవుడ్, స్టూలు, రెంచ్, విడి మూడో తీగలు, రెండో బార్.
- సౌండ్ వాళ్లకంటే ముందే చేరడం. వాయిద్యం నిలబెట్టి శృతి చేయడానికే అరగంట పడుతుంది, మైక్ టెస్టింగ్ మొదలైతే ట్యూనర్ తప్ప దిక్కు లేదు.
- మీ స్పీకర్ బేస్ వాద్యకారుడి వైపు తిరిగి ఉందా? కింది స్వరాలు అతను వినాలి, అతనివి మీరు వినాలి.
- కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ సున్నా మీద ఉందా? గాయకుడి కోసం మార్చి మరచిపోయి ఉంటారు. ఒకసారి సి నొక్కమని అడగండి.
- ప్రతి పాటకూ స్కేలు, మొదలుపెట్టే ఫ్రెట్ నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద.
- కరెంటు పోతే జనరేటర్ అందుకునే లోపు కుడి పాదం వెనక్కి, వాల్యూమ్ సున్నా. తిరిగి వచ్చేటప్పుడు 'ధడ్' మని కొట్టే దెబ్బకు స్పీకర్లు పోతాయి.
- విరామంలో ఓపెన్ తీగలు మాత్రమే సరిచూడండి. నైలాన్ నట్‌లను చీకట్లో ముట్టుకోకండి.